ప్రాతిపదిక మాసం

వైస్ ఛాన్సలర్ ఆచార్య పులిపాక రుక్మాంగదరావు గారికి పర్యావరణం మీద ప్రేమ ఢిల్లీలో పుట్టింది. ఏదో సదస్సుకని వెళితే, అక్కడ పక్క కుర్చీలో కూర్చున్నాయనను స్టేజీ మీదికి పిలిచి, ఆకుపచ్చ శాలువా కప్పి, నెత్తిన ఇత్తడి ఆకుల కిరీటం పెట్టి ఫొటోలు తీశారు. ఆ పక్క కుర్చీ ఆయన సర్వీసులో ఈయనకంటే జూనియరు. అక్కడొచ్చింది మంట. కిరీటం పేరు హరిత కిరీటమనీ, కరెంటు వాడకం అందరికంటే ఎక్కువ తగ్గించిన విశ్వవిద్యాలయానికి ఇస్తారనీ కనుక్కుని, రుక్మాంగదరావు గారు తిరుగు విమానంలో పెట్టిన ఉప్మా కూడా ముట్టుకోలేదు. తిన్నగా గౌతమీతీర విశ్వవిద్యాలయానికి వచ్చి, శాఖాధిపతులందరినీ పిలిపించి, "ఆ కిరీటం మన నెత్తిన పడాలి," అన్నారు. మన నెత్తి అంటే ఎవరి నెత్తో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ మీటింగుకి బొంతు హిమజను ఎవరూ పిలవలేదు. ఆమె ఎనర్జీ డిపార్టుమెంటులో పరిశోధక విద్యార్థిని. గైడు మేడిచర్ల సాంబమూర్తి గారు ఎక్కడికి వెళ్లినా వెనక ఫైళ్లు పట్టుకుని ఒక స్కాలరు నడవాలని ఆ డిపార్టుమెంటులో ఆనవాయితీ. అందుకని వచ్చి గోడ వారన నిలబడింది. బొగ్గు, గాలి, ఎండ, నీళ్లు, వీటిలో దేన్నుంచి కరెంటు తీస్తే జేబుకెంత చిల్లు, ఊరికెంత పొగ అన్నది ఆమె చదువు. అందులోనూ పొదుపు పథకాల మంచిచెడ్డల మీద ఏళ్ల తరబడి కూర్చుని థీసిస్ రాసి, అట్టలు కూడా వేయించి ఇచ్చేసింది. ఇక మిగిలింది వైవా ఒక్కటే. బయటనుంచి ఒక పరీక్షకుడు వచ్చి నాలుగు ప్రశ్నలు వేసి, వైస్ ఛాన్సలర్ సంతకం పెడితే డాక్టరు హిమజ అయిపోతుంది. రాజోలు దగ్గర ఒక మహిళా కళాశాల వాళ్లు ఆమెకు లెక్చరరు ఉద్యోగం ఇస్తామని, జూన్ నెలాఖరులోగా పట్టా తెచ్చి చూపించమన్నారు. తేకపోతే ఆ ఉద్యోగం వెయిటింగు లిస్టులో తర్వాత ఉన్న ఆవిడకు పోతుంది. ఆ ఆవిడ వారానికోసారి హిమజకు ఫోన్ చేసి, "వైవా అయిందాండీ?" అని ఎంతో ఆప్యాయంగా అడుగుతూ ఉంటుంది.

రుక్మాంగదరావు గారు కళ్లజోడు సవరించుకుని కిరీటం నిబంధనలు చదివారు. "ఏప్రిల్ నెలను ప్రాతిపదిక మాసముగా ప్రకటించవలెను. ఆ మాసమందలి విద్యుత్ వినియోగమును కొలిచి, మే మాసమందు అందులో ఎంత శాతము తగ్గించబడినదో చూచి, తదనుగుణముగా కిరీటము నిర్ణయించబడును. అర్థమైందా? ఏప్రిల్లో ఎంత వాడామో చూస్తారు. మేలో ఎంత తగ్గించామో చూస్తారు. అంతే."

"అయ్ బాబోయ్!" అంది హిమజ. మనసులో అనుకుందామనుకున్నది పైకే వచ్చేసింది.

అందరూ గోడవైపు తిరిగారు. సాంబమూర్తి గారికి ముచ్చెమటలు పోశాయి. "మా స్కాలరండి. చిన్నపిల్ల. ఏదో బల్లి పడుంటాదండి," అన్నారు.

"బల్లి కాదండి," అంది హిమజ. ఎలాగూ నోరు జారింది కదా, చెప్పేద్దామనుకుంది. "ఇలాంటి పద్ధతి పెడితే, మొదటి నెల్లో అందరూ కావాలనే ఎక్కువ కాల్చేస్తారండి. తర్వాత మామూలుగా వాడినా సరే, తగ్గించినట్టు కనబడుతుందండి. దీనివల్ల కరెంటు దండగ, పొగ దండగ. నా థీసిస్‌లో మూడో అధ్యాయం అంతా అదేనండి."

"ఎంత ఎక్కువ కాలుస్తారు?" అన్నారు రుక్మాంగదరావు గారు మెల్లిగా.

"రెండింతల దాకా అని నా అంచనా అండి. అందుకనే..."

"ఎలా కాలుస్తారు?"

"లైట్లు ఆర్పరండి. కిటికీలు తీసేసి ఏసీలు వేస్తారు. అవసరం లేకపోయినా మోటార్లు నడుపుతారు. అలా జరక్కుండా ఏం చెయ్యాలో కూడా..."

రుక్మాంగదరావు గారు కుర్చీలోంచి లేచారు. "సాంబమూర్తి గారూ, ఇంత మేధావి చేత ఫైళ్లు మోయిస్తున్నారేంటండీ! మనకి కావలసినదంతా ఈ అమ్మాయి రాసి పెట్టేసిందిగా!"

"సార్, అది చెయ్యకూడదని రాశానండి," అంది హిమజ గాభరాగా.

"చెయ్యకూడనిది ఇంత వివరంగా రాసేటప్పుడు ఆలోచించుకోవాలమ్మా," అన్నారు ఆయన. వెంటనే మూడో అధ్యాయం అమలు సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు సాంబమూర్తి గారు, కార్యదర్శి హిమజ. ఆమె వైవా సంగతి అడిగితే, సంఘం పని అయ్యాక మే ఆఖరులో చూద్దామన్నారు. హిమజ బయటికొచ్చి మెట్లమీద కూర్చుని తల పట్టుకుంది. రాజోలు ఉద్యోగం ఆ పూటే సగం చేజారినట్టనిపించింది ఆమెకు. దొంగతనాలు ఎలా జరుగుతాయో రాసి పోలీసులకిస్తే, వాళ్లు ఆ ప్రకారం తామే మొదలుపెట్టినట్టుంది అనుకుంది.

ఏప్రిల్ ఒకటో తారీఖున రిజిస్ట్రారు ఆఫీసునుంచి సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికిని తెలియజేయునది ఏమనగా, పర్యావరణ పరిరక్షణార్థము ఈ మాసమంతయు దీపములు, పంకాలు, శీతల యంత్రములు నిరంతరాయముగా నడుపవలసినది. స్విచ్చి ఆర్పుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణించబడును." చదివినవాళ్లు మళ్లీ చదివారు. పర్యావరణ పరిరక్షణార్థము అన్న ముక్క దగ్గర కాస్త ఆగారు. ఆగి, సంతకం వైస్ ఛాన్సలర్ గారిదే కదా అని ఏసీలు వేశారు.

ఇక చూడండి ఆ సంబరం. పట్టపగలు మైదానంలో ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. కెమిస్ట్రీ వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు కాచారు, ఎందుకు కాస్తున్నారని అడిగితే చల్లారాక మళ్లీ కాయడానికి అన్నారు. ఇంజనీరింగు కాలేజీ వాళ్లు ఒక మోటారుతో నీళ్లు మేడమీదికి ఎక్కించి, ఇంకో గొట్టంతో కిందికి వదిలి, అవే నీళ్లు మళ్లీ ఎక్కించారు. కామర్సు వాళ్లకి ఏమీ తోచక లిఫ్టులో ఖాళీ కుర్చీలు పెట్టి పైకీ కిందికీ తిప్పారు. లైబ్రరీలో ఏసీ చలికి పుస్తకాలు తీసుకోవడానికి వచ్చిన పిల్లలు దుప్పట్లు కప్పుకుని వచ్చారు.

రెండో రోజే తెలుగు శాఖాధిపతి ఓలేటి చిదానందం గారు హిమజను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన పెద్దమనిషి, పంచె కట్టు, ఎప్పుడూ చేతిలో పొడుంకాయ. "అమ్మాయీ, మా శాఖకు అన్యాయం జరిగిపోతోంది," అన్నారు. "మాకున్నవి రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను నేను చేరినప్పటినుంచీ తిరగదు. రేపు తగ్గించి చూపించాలంటే ఇవాళ పెంచాలి. ఏం పెట్టి పెంచమంటావు? ప్రబంధాలకి కరెంటు పట్టదు కదా!"

అప్పటికే హిమజకు ఒళ్లు మండి ఉంది. "ఇంట్లో గ్రైండరు తెచ్చి పెట్టుకోండి సార్," అంది విసుగ్గా.

చిదానందం గారు పొడుంకాయ మూత పెట్టేసి, ఆమె వైపు ఆరాధనగా చూశారు. "మూడో అధ్యాయం రాసిన చెయ్యి ఊరికే ఉంటుందా!" అని వెళ్లిపోయారు.

మర్నాటికి ప్రాచీన సాహిత్యం క్లాసులో గ్రైండరు దిగింది. ఆ తర్వాత ప్రొఫెసర్ల కాలనీలో ఉన్న గ్రైండర్లన్నీ వచ్చాయి. మినప్పప్పు ఇక్కడే రుబ్బుకుని, బట్టలు ఇక్కడే ఇస్త్రీ చేయించుకుని, స్నానానికి వేడినీళ్లు ఇక్కణ్ణుంచే బకెట్లతో పట్టుకెళ్లమని చిదానందం గారు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. నమ్మరు గాని, శాఖ పుట్టాక మొదటిసారి తెలుగు క్లాసులు నిండిపోయాయి. క్లాసు అయ్యాక వేడివేడి ఇడ్లీలు పెడతారని కుర్రాళ్లకి తెలిసిపోయింది మరి. అల్లం చట్నీతో పాటు వ్యాకరణం కూడా కాస్త దిగిందని పరీక్షల్లో తేలింది.

వారం తిరిగేసరికి హిమజకు మెమో వచ్చింది. ఎవరూ లేని క్లాసురూములో తిరుగుతున్న ఫ్యానును ఆమె అలవాటు కొద్దీ ఆర్పేసింది. అది ఎవరో చూశారు. సాంబమూర్తి గారు మెమో చేతికిచ్చి, "అనుమతి లేని పొదుపు అంటున్నారమ్మా. ఎంత పని చేశావు తల్లీ!" అన్నారు.

"ఆ గదిలో ఎవరూ లేరండి!"

"అందుకే తప్పు. ఎవరూ లేని గదిలో ఫ్యానే కదమ్మా మన అసలు బలం. ఇంకోసారి ఇలాంటి ఫిర్యాదు వస్తే నీ వైవా ఆపేస్తామంటున్నారు. నా మాట విని రెండు రోజులు ఏ స్విచ్చి దగ్గరికీ వెళ్లకు. చేతులు వెనక్కి కట్టుకుని నడు."

హిమజకు ఏడుపొచ్చింది. అయినా ఉద్యోగం గుర్తుకొచ్చి, ఆ నెలంతా చేతులు వెనక్కి కట్టుకునే నడిచింది. ఆ సాయంత్రమే వెయిటింగు లిస్టు ఆవిడ ఫోన్ చేసి, "ఏమైనా అడ్డంకులొచ్చాయాండీ?" అని పరామర్శించింది.

ఏప్రిల్ మూడో వారంలో ఊరి ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. సగం ఊరికి కరెంటు పోయింది. విశ్వవిద్యాలయానికీ పోయింది. రుక్మాంగదరావు గారు నిరుత్సాహపడే మనిషి కాదు. నాలుగు పెద్ద డీజిలు జనరేటర్లు అద్దెకు తెప్పించి, వాటికి కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి నడిపించారు. ఆ పొగకి క్యాంపస్‌లో కొబ్బరిచెట్లు నల్లబడ్డాయి. జనరేటర్లు ఎవరికీ కనబడటం లేదని వాటి చుట్టూ దీపాల తోరణాలు కట్టారు. ఆ తోరణాలు వెలగడానికి ఇంకో జనరేటరు తెచ్చారు. ఇంధనం వల్ల పర్యావరణం మీద పడే ప్రభావాలు అన్న పాఠం చెప్పాల్సిన రోజున సాంబమూర్తి గారు కిటికీ తెరిచి, పిల్లల్ని చూడమని, తలుపు మూసుకుని వెళ్లిపోయారు.

హిమజ ఉండబట్టలేక వైస్ ఛాన్సలర్ గదికి వెళ్లింది. "సార్, ఊళ్లో జనం తిడుతున్నారండి. పిల్లలు దగ్గుతున్నారు. ఇదంతా పర్యావరణం కోసమేనంటే ఎవరు నమ్ముతారండి?"

రుక్మాంగదరావు గారు జాలిగా నవ్వారు. "అమ్మాయ్, నువ్వు పుస్తకాల్లోంచి బయటికి రావాలి. పర్యావరణాన్ని కాపాడాలంటే ముందు దానికి ఆపద రావాలా వద్దా? ఏమీ కాని దాన్ని ఏమని కాపాడతాం?" అని గంట కొట్టి, ఆమెకు ఇడ్లీ తెప్పించారు. అది తెలుగు శాఖ ఇడ్లీయే. మెత్తగానే ఉంది.

ఏప్రిల్ ముగిసింది. ఆఖరి రోజు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే అన్ని స్విచ్చులూ ఠక్కున ఆర్పేశారు. మర్నాటినుంచి తగ్గింపు మాసం. రోహిణి కార్తె ముందుంది, గోదావరి జిల్లా ఉక్క సంగతి తెలిసిందే కదా. సర్క్యులరు మళ్లీ వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పర్యావరణ పరిరక్షణార్థము ఏ ఒక్క స్విచ్చియు వేయరాదు." మొదటి ముక్క మాత్రం మార్చలేదు.

బల్బులు ఊడదీసి గోనెసంచుల్లో వేశారు. ఫ్యాన్ల రెక్కలు గాలికి వాటంతటవే తిరిగితే అనుమానాలొస్తాయని వాటికి తాళ్లు కట్టారు. కంప్యూటర్లు మూసేశారు కాబట్టి ఏ ఆఫీసులోనూ ఏ పనీ జరగలేదు. ఆ సంగతి బయటివాళ్లెవరూ కనిపెట్టలేదు. హిమజ వైవాకి ముందు లైబ్రరీనుంచి బాకీ లేదని కాగితం తెచ్చుకోవాలి. చీకటి లైబ్రరీలో లైబ్రేరియన్ ఆమె తెచ్చిన పుస్తకాలను తడిమి చూసి, "బరువు సరిపోయిందమ్మా," అని సంతకం పెట్టాడు. ఆ సంతకం కాగితం మీద కొంత, బల్ల మీద కొంత పడింది.

తగ్గింపు బాగానే వచ్చింది గాని, రుక్మాంగదరావు గారికి ఇంకా కావాలి. అప్పుడు ఫిజిక్సు శాఖ వాళ్లొక నివేదిక ఇచ్చారు. మనిషి ఒంట్లోంచి వేడి పుడుతుంది, ఒక్కొక్క విద్యార్థి ఊరికే కూర్చున్నా ఒక పెద్ద బల్బుతో సమానం, కాబట్టి క్లాసు నిండితే గది వేడెక్కి, ఫ్యాను వేయాలన్న దుర్బుద్ధి పుడుతుందని అందులో రాశారు. ఆచార్యుల సంగతేమిటని అడిగితే, వారు తక్కువ కదులుతారు గనుక ఎల్ఈడీ తరగతిలోకి వస్తారని తేల్చారు. వెంటనే హాజరు నియమం తిరగేశారు. క్లాసులకు ఎక్కువగా వచ్చిన వాళ్లను పరీక్ష రాయనివ్వరు. పిల్లలు ఆ సర్క్యులరును కళ్లకద్దుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. హాస్టళ్లకు తాళాలు పడ్డాయి.

"మరి నా వైవా?" అని హిమజ సాంబమూర్తి గారి ఇంటికి పరిగెత్తింది. ఆయన వీధరుగు మీద బనీనుతో కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు.

"అదేనమ్మా చిక్కు. నువ్వు విద్యార్థివి. అంటే బల్బువి. నిన్ను క్యాంపస్‌లోకి రానివ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి."

"జూన్ దాటితే నా ఉద్యోగం పోతుంది సార్! ఆరేళ్ల కష్టం! మీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చెయ్యండి."

సాంబమూర్తి గారు చెడ్డవారు కాదు, పిరికివారు. విసనకర్ర పక్కన పెట్టి ఆలోచించారు. "కిరీటం వాళ్ల పరిశీలకుడు నెలాఖరుకి వస్తున్నాడమ్మా. ఎడవల్లి నర్సింహారెడ్డి గారని, వరంగల్లు వైపు ఆయన, మన సబ్జెక్టే. ఆయన్నే నీకు పరీక్షకుడిగా వేయించేస్తే? ఒకే ప్రయాణ ఖర్చుతో రెండు పనులు. పొదుపు అంటే వైస్ ఛాన్సలర్ గారు కాదనరు."

రుక్మాంగదరావు గారు కాదనలేదు సరికదా, వైవాను కూడా ప్రదర్శన చేసేద్దామన్నారు. కరెంటు బొత్తిగా వాడకుండా, మనమే కరెంటు పుట్టించి డాక్టరేటు ఇస్తే సున్నా కంటే కిందికి దిగినట్టే కదా అన్నది ఆయన లెక్క. అయితే వైవా పెట్టింది కొత్త ఆడిటోరియంలో. అది ఏసీ కోసం కట్టిన హాలు, ఒక్క కిటికీ లేదు, మిట్టమధ్యాహ్నం కూడా కన్ను పొడుచుకున్నా కనబడదు. అందుకని వ్యాయామశాలనుంచి రెండు కదలని సైకిళ్లు తెచ్చి, వాటికి డైనమోలు తగిలించి, ఒక బల్బు వేలాడదీశారు. తొక్కడానికి విద్యార్థులు లేరు. నియమం ప్రకారం గైడు వైవాలో ఉండి తీరాలి కాబట్టి ఒక సైకిలు సాంబమూర్తి గారికి ఇచ్చారు. రెండోది చిదానందం గారు తనంతట తనే ఎక్కారు. నెలంతా ఇడ్లీలు తిని ఒళ్లు బరువెక్కిందన్నారు.

నర్సింహారెడ్డి గారు వచ్చారు. ఎర్రటి ఎండలో బస్టాండునుంచి నడిపించి తెచ్చారు పాపం, కారు ఎక్కిస్తే కిరీటానికి మచ్చ అని. హాల్లోకి వచ్చి, రెండు సైకిళ్ల మీద ఇద్దరు ఆచార్యులు పంచెలు ఎగగట్టుకుని రొప్పుతూ ఉంటే చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా కూర్చున్నారు. పక్కన సంతకం కలం పట్టుకుని రుక్మాంగదరావు గారు కూర్చున్నారు. ఎదురుగా, చెమటకి తడిసి ముద్దయిన చీరలో హిమజ నిలబడింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి రెండూ తేలికే, బల్బు నిండుగా వెలిగింది. మూడోది కాస్త కష్టమైంది. హిమజ తడబడింది. సాంబమూర్తి గారు టక్కున తొక్కడం ఆపేశారు, చీకటి కమ్మింది. ఆ చీకట్లో సైకిలు వైపునుంచి, "గాలిమరల ఖర్చు, తల్లీ, గాలిమరల ఖర్చు చెప్పు," అని గుసగుస వినబడింది. మళ్లీ వెలుగొచ్చేసరికి హిమజ చక్కగా జవాబు చెబుతోంది.

"మీ గైడు సార్‌కు అలసట ఎక్కువున్నట్టున్నది," అన్నారు నర్సింహారెడ్డి గారు. ఆ తర్వాత థీసిస్‌లో ఒక పేజీ తెరిచారు. "ఇగ అసలు సంగతికి వస్త. మూడో అధ్యాయం. ప్రాతిపదిక మాసం పెడితే సంస్థలు కావాలనే రెండింతలు కాలుస్తయి అని రాసినవు. వాదం మంచిగనే ఉన్నది. కానీ రుజువేది? ఎక్కడన్న ఇట్ల జరిగిందా? లేకుంటే ఇదంత నీ ఊహేనా? ఇంత తెలివితక్కువ సంస్థ ఏడనన్న ఉంటదా అమ్మా? రుజువు లేకుంటే ఈ అధ్యాయం నిలవదు. అది నిలవకుంటే థీసిస్ నిలవదు."

సాంబమూర్తి గారి కాళ్లు మళ్లీ ఆగిపోయాయి. ఈసారి ఎత్తు కాదు, భయం. చిదానందం గారి కాళ్లూ ఆగాయి. హాలంతా చిమ్మచీకటి.

హిమజ లెక్క వేసుకుంది. రుజువు చెబితే వైస్ ఛాన్సలర్ కిరీటం పోతుంది, ఆయన సంతకం పెట్టడు. చెప్పకపోతే పరీక్షకుడు పాస్ చెయ్యడు. ఎటు చూసినా రాజోలు బస్సు వెళ్లిపోయేలా ఉంది. ఆ చీకట్లో ఆమెకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. నెలంతా చేతులు వెనక్కి కట్టుకుని నడిచిన కోపం అది. పోతే పోయింది వెధవ ఉద్యోగం, నేను రాసింది నేను కాదనుకోవడం ఏమిటి అనుకుంది.

"రుజువుంది సార్," అంది గట్టిగా. "ఎంతో దూరం వెళ్లక్కర్లేదండి. మీరు కూర్చున్న యూనివర్సిటీయే. ఏప్రిల్లో ఇక్కడ కావాలనే కరెంటు కాల్చారు. నేను రాసినట్టే, రెండింతలు కాల్చారు."

అంతలో చీకట్లో కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. రుక్మాంగదరావు గారు లేచారు.

"అబద్ధం!" అని అరిచారు. "పచ్చి అబద్ధం! రెండింతలంట, రెండింతలు! అమ్మాయ్, ఏం మాట్లాడుతున్నావు? ఏడింతలు! ఏడింతలు కాల్చాం మేము! ట్రాన్స్‌ఫార్మరు పేల్చాం. జనరేటర్లు తెచ్చాం. ఆ జనరేటర్లకి దీపాలు పెట్టాం. వాటికింకో జనరేటరు తెచ్చాం. ఏ యూనివర్సిటీ చేసిందండీ ఇంత పని? నర్సింహారెడ్డి గారూ, మీరే చెప్పండి. మీరు కావాలంటే మీటరు చూసుకోండి. నీళ్లు కాచి చల్లార్చి మళ్లీ కాచాం! దాన్ని పట్టుకుని రెండింతలని చిన్నబుచ్చుతుందా?"

బల్బు మెల్లగా వెలిగింది. పరీక్షకుడి మొహం చూడాలన్న కుతూహలం ఆపుకోలేక సాంబమూర్తి గారే తొక్కడం మొదలుపెట్టారు. నర్సింహారెడ్డి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

"ఇగ రుజువు ఏం తక్కువ పడ్డదమ్మా," అన్నారు చివరికి. "నీ అంచనా తప్పు, మనుషుల్ని తక్కువ లెక్కేసినవు. అది ఒక్కటి దిద్దుకో. పాస్." థీసిస్ మీద సంతకం పెట్టి, రుక్మాంగదరావు గారి ముందుకు తోశారు. "మీరు కూడా పెట్టుండ్రి సార్. ఇందులో మీ యూనివర్సిటీ పేరు ఎక్కుతది, ఏడింతలని."

రుక్మాంగదరావు గారు ఏడింతలన్న మాట రాసేదాకా ఊరుకోలేదు. రాశాక, బల్బు ఆరిపోకముందే థీసిస్ మీదా, సిద్ధంగా ఉంచిన పట్టా కాగితం మీదా సంతకం పెట్టేశారు. హిమజ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పట్టా కాగితం గుండెకి హత్తుకుని చంటిపిల్లలా ఏడ్చింది. సిగ్గనిపించలేదు.

అంతా అయ్యాక నర్సింహారెడ్డి గారు సంచీలోంచి ఇత్తడి ఆకుల కిరీటం తీసి బల్ల మీద పెట్టారు. హిమజ ఉలిక్కిపడింది. "సార్, అంతా విన్నారు కదండీ! అయినా ఇస్తారా?"

"ఏం జెయ్యాలమ్మా," అన్నారాయన. "ఎంత తగ్గిందో చూడుమన్నరు. ఏడింతలనుంచి సున్నకు దిగిన్రు. దేశంల ఇంకెవ్వరు దిగలే. ఎందుకు దిగిందో చూడుమని మా నిబంధనల రాయలే."

సాయంత్రం అదే హాల్లో, అదే సైకిలు బల్బు వెలుగులో సన్మానం పెట్టారు. ఎల్ఈడీ తరగతి వాళ్లందరూ వచ్చి కూర్చున్నారు. రుక్మాంగదరావు గారి నెత్తిన కిరీటం పెట్టారు, అది కాస్త వదులై చెవుల దాకా దిగింది. ఆ తర్వాత హిమజకు, ప్రాతిపదిక మాస పథక రూపకర్త అని ప్రకటించి, ఆ ఉక్కలో మందపాటి ఉన్ని శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

పట్టా చేతిలో ఉంది. ఇక భయమేమిటి? హిమజ శాలువా తీసి కుర్చీ మీద పడేసి, అందరినీ కలిపి దులిపేసింది. "ఇది పొదుపు కాదండి, తగలెయ్యడం. ఏప్రిల్లో మీరు దండగ చేసిన కరెంటుతో ఊరంతా ఎన్ని రోజులు దీపాలు పెట్టుకునేదో ఒక్కరైనా ఆలోచించారా? ఆ పొగ పీల్చింది మీరు కాదు, బయట జనం. ఇంత చదువుకున్నవాళ్లు, ఇంతమంది కూర్చుని, ఒక్కరైనా ఇదేం పిచ్చి అనలేదేంటండీ? సిగ్గుగా లేదా?"

మైకు లేదు కదా. మొదటి వరస దాటి ఒక్క ముక్క వినబడలేదు. ఆమె చెయ్యి ఎత్తినప్పుడల్లా వెనక వరసలవాళ్లు చప్పట్లు కొట్టారు. 'సిగ్గుగా లేదా' దగ్గర లేచి నిలబడి మరీ కొట్టారు. రుక్మాంగదరావు గారికి కిరీటం చెవులకడ్డం పడి అసలే వినబడలేదు. ఆయన కూడా చిరునవ్వుతో తలూపారు, కిరీటం పట్టుకుని.

హిమజ నవ్వాలో ఏడవాలో తెలియక స్టేజీ దిగి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. రాజోలు బస్సుకి ఇంకా టైముంది. గేటు దగ్గర వెనకనుంచి ఎవరో రొప్పుతూ పిలిచారు. చిదానందం గారు. ఆయన మొదటి వరసలో కూర్చున్నారు, ప్రతి మాటా విన్నారు.

"అమ్మాయీ! అద్భుతంగా మాట్లాడావు," అన్నారు, కళ్లు చెమర్చి. "ప్రతి అక్షరం నిజం. మేమంతా సిగ్గుతో తల దించుకోవాలి. ఆ ఉపన్యాసం మా శాఖ తరఫున అచ్చు వేయిస్తాను. ఇది నా మాట."

ఈ రెండు నెలలూ ఒక్క మనిషైనా ఈ మాట అనాలని హిమజ ఎంత ఎదురుచూసిందో. "నిజంగానా సార్? ఎప్పుడండీ?"

"వచ్చే ఏప్రిల్లోనమ్మా," అన్నారు చిదానందం గారు ఉత్సాహంగా. "మళ్లీ ప్రాతిపదిక మాసం వస్తుందిగా. అచ్చు యంత్రానికి కరెంటు ఎంత పడుతుందో నీకు తెలియనిదా! లక్ష కాపీలు వేద్దాం. అవసరమైతే చింపేసి, మళ్లీ వేద్దాం. ఈసారి గ్రైండర్ల మీద ఆధారపడక్కర్లేదు."

హిమజ ఆయనకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా బస్టాండు దారి పట్టింది.

"ముందుమాట నేనే రాస్తానమ్మా!" అని ఆయన గేటు దగ్గరనుంచి కేక వేశారు.